ముట్టుకోకూడని కప్పు

తప్పు మీది. ఓటర్ నారోస్ రింకు కమిటీ పెద్దలారా, ముమ్మాటికీ తప్పు మీది. పొయ్యి గొట్టం పగిలిందని మీకు తెలుసు. చలికాలం మొదట్లోనే ఆటగాళ్ల గదిలో పొగ నిండుతోందని పిల్లలు చెప్పారు, వాళ్ల తల్లులూ చెప్పారు. చూద్దాంలే అన్నారు. గొట్టానికి ఓ రేకు ముక్క చుట్టి, తీగతో బిగించి, చేతులు దులుపుకున్నారు. మంచు హాకీ ఆడే ఆ రింకు కాలి బూడిదయ్యాక గొట్టం ఊసు ఎవరూ ఎత్తకుండా, పదిహేడేళ్ల కుర్రాడొకడు కప్పు ముట్టుకున్నాడన్న మాటను ఊరి మీదికి వదిలారు. ఆ మాట యాభై ఏళ్లు దాటినా ఇంకా తిరుగుతూనే ఉంది. మీలో చాలామంది పోయారు. మీ కుర్చీల్లో మీ కొడుకులు కూర్చున్నారు. కుర్చీతో పాటు అబద్ధాన్ని కూడా తీసుకున్నారు కాబట్టి తప్పు వాళ్లది కూడా.

ఆ కుర్రాడి పేరు తైస్తో సల్మెలా. ఇప్పుడతనికి డెబ్బై దాటాయి. అరచేతుల్లో చర్మం మైనంలా మెరుస్తుంది. చలి ముదిరితే వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. మార్చి నెలలో ఊళ్లో హాకీ ఫైనల్స్ మాట మొదలవగానే చిన్న చెక్కగుడిసెను గడ్డకట్టిన అఖాతం మధ్యకు లాక్కుపోతాడు. మంచుకు బెజ్జం వేసి, గాలం వదిలి, తలుపు వేసుకుని కూర్చుంటాడు. చేపల కోసం అంటాడు. చేపలు ఒడ్డు దగ్గరా పడతాయి. ఊరి కంటికి ఎంత దూరంగా ఉండగలడో అంత దూరంగా ఉండడానికే ఆ గుడిసె.

గుడిసెకు కిటికీ లేదు. వెలుగంతా కింద నుంచే వస్తుంది. పగటి ఎండ మంచులోకి దిగి, నీళ్లలో కలిసి, బెజ్జంలోంచి పచ్చగా పైకి లేస్తుంది. ఆ పచ్చదనం గోడల మీద, పైకప్పు మీద, తైస్తో మోకాళ్ల మీద మెల్లగా కదులుతుంది. అలా చూస్తూ కూర్చుంటే తను నీళ్ల పైన ఉన్నాడో లోపల ఉన్నాడో తెలియదు. అలాంటప్పుడే ఆ వెండి కప్పు కనబడుతుంది. అడుగు నుంచి పెద్ద చేప ఏదో వచ్చినట్టు తాపీగా వస్తుంది. బెజ్జం కిందికి వచ్చి ఓసారి పక్కకు తిరుగుతుంది. దాని మీద చెక్కిన పేర్లు పొలుసుల్లా మెరుస్తాయి. తైస్తో వాటిని చదవడు. చూపు తిప్పుకుంటాడు. మళ్లీ చూసేసరికి నీళ్లు తప్ప ఏమీ ఉండదు.

ఆ కప్పును ఇచ్చింది కాగితం మిల్లు. సమ్మె ఓడిపోయిన మరుసటి చలికాలం ఇచ్చింది. అంతకు ముందు ఏడాది సరస్సు ఒడ్డున ఉన్న మూడు ఊళ్లూ, ఓటర్ నారోస్, పోర్ట్ హాలిస్, గ్రేసన్, ఒకే జెండా కింద నిలబడ్డాయి. ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఫిన్నులు, ఫ్రెంచివాళ్లు, ఒజిబ్వే ఆదివాసులు, ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఒకే గిన్నెలో కాచిన కాఫీ తాగారు. అది మిల్లుకు గిట్టలేదు. ఇరవై ఏళ్లు నిండని కుర్రాళ్లకు ఏటేటా హాకీ పోటీ, గెలిచిన ఊరికి వెండి కప్పు అని ప్రకటించింది. రెండు చలికాలాలు తిరిగేసరికి మూడు ఊళ్లూ మిల్లును తిట్టడం మానేసి ఒకదాన్నొకటి తిట్టుకోవడం మొదలెట్టాయి. గుప్పెడు వెండి ఎంత పని చేయగలదో మిల్లు దొరలకు బాగా తెలుసు.

అయితే కప్పు మిల్లు మాట వినలేదు. జనం చేతుల్లో పడి దాని బుద్ధి మారింది. వెడల్పాటి గిన్నె, రెండు పక్కలా పైను చెట్టు కొమ్మల్లా మలిచిన పిడులు, కింద కొయ్య పీఠం. అది రైల్లో సామాన్ల పెట్టెలో ఊరూరా తిరిగింది. ఓసారి మంచు తుఫానులో రైలు ఆగిపోతే, గెలిచి తిరిగొస్తున్న ఊరివాళ్లు అందులోనే మంచు కరిగించి పసిపిల్లలకు పాలు కలిపారు. గ్రేసన్‌లో వాళ్లు గెలిచిన ఏడాది ఓ కవలల జంటకు అందులోనే జ్ఞానస్నానం చేయించారు. రెండోవాడు తన వంతు వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాడని, వాడే పెద్దయ్యాక గోల్‌కీపర్ అయ్యాడని ఇప్పటికీ చెబుతారు. ఇంకోసారి దాన్ని స్టేషన్లో మరిచిపోయారు. తెల్లారి చూస్తే చుట్టూ తోడేళ్ల అడుగులు. గుండ్రంగా తిరిగి తిరిగి వెళ్లిపోయాయే తప్ప ఒక్కటీ మూతి ఆనించలేదు. అవి మాత్రం ఎప్పుడు గెలిచాయి గనక ముట్టుకోవడానికి అన్నారు జనం.

అదే నియమం. గెలవనివాడు ముట్టుకోకూడదు. గెలవకముందే ముట్టుకుంటే ఇక జన్మలో గెలవడు, వాడి ఊరూ గెలవదు. ఎవరు పెట్టారో తెలియదు, ఎక్కడా రాసి లేదు, అయినా పసివాడి దగ్గర్నుంచి పాదిరీ దాకా పాటించారు. కూలీలు సైతం దుప్పటి చుట్టి మోసేవాళ్లు. గెలిచిన ఊరు మాత్రం దాన్ని పట్టపగలు అఖాతం మీదికి తీసుకుపోయి, పాలు, బంగాళదుంపలు, సోయకూర వేసి కాచిన చేపల చారుతో నింపేది. ముందు ఆటగాళ్లు, తర్వాత ఊరంతా, మంచు మీద నిలబడి, మీసాలకు ఆవిరి గడ్డకడుతుంటే అందులోంచే తాగేవాళ్లు. ఓటర్ నారోస్ ఆ చారు ఎన్నడూ తాగలేదు.

తైస్తోకు పదిహేడేళ్లున్న ఏడాది ఫైనల్స్ ఓటర్ నారోస్‌లో పెట్టారు. పోర్ట్ హాలిస్‌తో ఆట. తైస్తో ఎడమ వైపు ఆడేవాడు. అతని కాళ్ల కింద మంచు పలుకుతుందనేవాళ్లు. ఆటకు ముందురోజు పొద్దున రైల్లో కప్పు దిగింది. రింకు ముందుగదిలో బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి నిలబెట్టారు. ఊరంతా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, చూసి పోయింది. మధ్యాహ్నం పొయ్యి గొట్టానికి చుట్టిన ఆ రేకు ముక్క ఊడింది.

చెక్కతో కట్టిన రింకు. నిప్పు పైకప్పు పట్టుకుంది. నీళ్ల గొట్టాలు గడ్డకట్టి ఉన్నాయి. జనం చేతికందింది బయటికి మోసుకొచ్చారు. బెంచీలు, స్కేట్లు, పాత హార్మోనియం, మొక్కజొన్న పేలాల యంత్రం, ఆఖరికి గోడ మీది క్యాలెండరు కూడా వచ్చింది. కప్పు మాత్రం ముందుగదిలో బల్ల మీదే ఉంది. తెరిచిన తలుపులోంచి అందరికీ కనబడుతోంది. వెండి మీద మంటలు పారుతుంటే కప్పులో ఎవరో ఎర్రటి చారు పోస్తున్నట్టుంది.

"తీయండయ్యా ఎవరైనా" అంది ఓ ముసలమ్మ.

"ఎవరు తీస్తారు పిన్నీ? రేపు ఆట పెట్టుకుని."

"గ్రేసన్ వాళ్లకు ఫోన్ కొట్టండి. పోయినేడు గెలిచింది వాళ్లేగా. వాళ్లొచ్చి తీసుకుంటారు."

"వాళ్లొచ్చేసరికి అది కరిగిపోతే చెంచాలు పోసుకోవాలి దాంతో."

"పోనీ మీ ఆవిడ చేత తీయించు. ఆవిడ ఆడదుగా హాకీ."

"మా ఆవిడది మాత్రం ఈ ఊరు కాదేంట్రా?"

నిజంగానే అలా వాదించుకున్నారు. మూర్ఖులు కారు వాళ్లు. మర్నాడు గెలుస్తామని అంత గట్టిగా నమ్మారు. ఆ నమ్మకంతోనే నిలబడిపోయారు.

తైస్తో లోపలికి పరిగెత్తాడు. అతని చేతి తొడుగులు ఆటగాళ్ల గదిలో అప్పటికే కాలిపోయాయి. ఒక చేత్తో పిడి పట్టుకున్నాడు, ఇంకో చెయ్యి అడుగున వేశాడు. బయటికొచ్చి దాన్ని మంచులో పెట్టాడు. మంచు బుస్సుమంటూ కరిగి, కప్పు నడుముదాకా దిగబడింది. తైస్తో కూడా పక్కనే మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులూ మంచులో దూర్చాడు. రింకు చిటపటలు తప్ప ఇంకేమీ వినబడలేదు. చివరికి కమిటీ పెద్ద పెల్తో నోరు విప్పాడు.

"ముట్టుకున్నావేంట్రా."

అంతే. అతను అన్న మాట అదొక్కటే. ఊరికి అది చాలు.

ఆటను మర్నాడు అఖాతం మీద, ఆరుబయట ఆడించారు. తైస్తో చేతులకు పిండిసంచి గుడ్డలు చుట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. కర్ర పట్టుకునే చేతులు కావవి. ఓటర్ నారోస్ ఒక్క గోలుతో ఓడింది. ఎడమ వైపు ఆడేవాడు లేక ఓడిందని ఎవరూ అనలేదు. పొయ్యి గొట్టం పగలబట్టి ఓడిందని అసలే అనలేదు.

ఆ తర్వాత చలికాలాలు ఒకదాని మీద ఒకటి కురిశాయి. తైస్తో మిల్లుకు కలప కొట్టాడు. మిల్లు మూతబడింది. యంత్రాలు ఎక్కడికో పోయాయి, పొగగొట్టం కూలగొట్టారు, కప్పు మాత్రం మిగిలింది. ఓటర్ నారోస్ ఓడినప్పుడల్లా ఎవరో ఒకరు కాఫీ తాగుతూ తైస్తో వైపు ఓ చూపు విసిరేవాళ్లు. తిట్టేవాళ్లు కాదు. తిడితే తిరిగి తిట్టొచ్చు. చూపుకు ఏం జవాబు చెబుతాడు? మెల్లగా అతనూ నమ్మడం మొదలెట్టాడు. దోపిడీల్లోకెల్లా పెద్ద దోపిడీ అదే. కప్పు మాట ఎవరెత్తినా లేచి బయటికి వెళ్లిపోయేవాడు. గెలిచిన ఊళ్ల ఫోటోలు పత్రికలో వస్తే ఆ కాగితంతో పొయ్యి అంటించేవాడు.

ఈ ఏడాది ఓటర్ నారోస్ మళ్లీ ఫైనల్స్‌కు వచ్చింది. మళ్లీ పోర్ట్ హాలిస్‌తోనే. దీనికి తోడు పోటీ నడిపే సంఘం అధ్యక్షుడు విట్లాక్ ఓ ప్రకటన చేశాడు. వెండి పలచబడిందట. ఇదే ఆఖరి ఏడాదట. ఈసారి ఎవరు గెలిచినా వాళ్ల పేరు చెక్కించి, కప్పును నగరంలో గాజుపెట్టెలో పెట్టేస్తారట. అంటే ఇప్పుడు గెలవకపోతే ఓటర్ నారోస్ పేరు ఆ వెండి మీదికి ఇక ఎన్నటికీ ఎక్కదు. ఎందుకు ఎక్కలేదని అడిగిన వాళ్లందరికీ ఎన్నటికీ ఒకటే జవాబు. తైస్తో సల్మెలా.

ఫైనల్స్‌కు రెండు రోజుల ముందు గుడిసె తలుపు తోసుకుని వాల్టర్ పెల్తో వచ్చాడు. తైస్తో ఈడువాడు, అప్పట్లో అదే జట్టులో గోల్‌కీపర్. ఇప్పుడు తండ్రి కుర్చీలో కమిటీ పెద్ద. బాల్చీ బోర్లించి కూర్చున్నాడు. పచ్చటి వెలుగు అతని బుగ్గల మీద కదులుతోంది.

"పడుతున్నాయా?"

"పడినా నీకెందుకు చెబుతాను?"

"మన పిల్లలు ఫైనల్స్‌కు వచ్చారు, తెలుసుగా."

"మీరు హారన్లు కొట్టిన కొట్టుడికి చేపలక్కూడా తెలిసింది."

"శనివారం మధ్యాహ్నం. మన రింకులోనే."

"నేను రానులేరా. ఎప్పుడొచ్చాను గనక."

వాల్టర్ టోపీ తీసి, చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. "అది కాదురా తైస్తో. ఇక్కడ కూడా ఉండకు."

"ఇక్కడంటే?"

"అఖాతం మీద. ఊళ్లో. రెండు మూడు రోజులేరా. నా మాట కాదిది, కమిటీలో అందరూ అనుకున్నారు. మీ చెల్లెలు ఇర్మా పోర్ట్ హాలిస్‌లోనే కదా ఉండేది. చూసి చాలా కాలమైంది కూడాను."

తైస్తో గాలం దారం పైకి లాగాడు. ఏమీ లేదు. మళ్లీ వదిలాడు.

"నన్ను అవతలి వాళ్ల ఊరికి పంపుతున్నారన్నమాట. నా దరిద్రం వాళ్లకు అంటుకోవాలని."

"నేనలా అన్నానా?"

"అనలేదులే. బస్సు టికెట్టు తెచ్చావా?"

వాల్టర్ కాసేపు నీళ్లలోకి చూసి, కోటు లోపలి జేబులోంచి టికెట్టు తీశాడు. "తెచ్చాను."

తైస్తో నవ్వాడు. ఏడ్చేంత కోపం కూడా మిగల్లేదు అతనిలో. నిజం చెప్పాలంటే టికెట్టు తీసుకుంటున్నప్పుడు అతనికో ఆశ కలిగింది. తను అంత దూరం పోతే, సరస్సుకు ఆ కొసన ఉంటే, పిల్లలు గెలిస్తే, దీంతో తీరిపోతుందేమో. దొంగలా ఊరు విడిచి పోవడానికి అతను ఒప్పుకున్నది అందుకే.

బస్సు దారిపొడవునా మంచు పడుతూనే ఉంది. పెద్ద పెద్ద రేకులు, తొందర లేనివి. అడవి, సరస్సు, ఆకాశం ఒకే రంగులో కలిసిపోయాయి. బస్సు కదులుతోందో, బయటి తెలుపు వెనక్కి పోతోందో తెలియలేదు. తైస్తోకు తను బస్సులో కాక సామాన్ల పెట్టెలో దుప్పటి చుట్టుకుని పోతున్నట్టనిపించింది. ఊరి నుంచి ఊరికి ఎవరూ చెయ్యి వేయకుండా మోస్తున్న వస్తువు. కిటికీ అద్దం మీద ఊపిరి పడి పొగలా పేరుకుంటే, అందులో వేలితో తన పేరు రాయబోయి ఆగిపోయాడు.

ఇర్మా గుమ్మంలోనే నిలబడి ఉంది. చెల్లెలు, పదేళ్లు చిన్నది. పెళ్లయి ఈ ఊరొచ్చి స్థిరపడింది.

"ఎన్నేళ్లు పిలిచాను అన్నయ్యా ఫైనల్స్‌కు రమ్మని. నేను పిలిస్తే రాలేదు. వాల్టర్ గాడు తరిమితే వచ్చావు."

"వాడు తరమలేదు. టికెట్టు కొనిచ్చాడు."

"పెద్ద తేడానే. కాళ్లు దులుపుకుని లోపలికి రా. యాలకుల రొట్టె చేశాను."

శనివారం మధ్యాహ్నం వంటింట్లో రేడియో పెట్టుకుని కూర్చున్నారు. తైస్తో వద్దన్నాడు. ఇర్మా వినలేదు. పోర్ట్ హాలిస్ వీధులన్నీ ఖాళీ. ఏ ఇంట్లోంచి విన్నా అదే గొంతు. రేడియోలోంచి స్కేట్ల చప్పుడు సన్నగా, చాలా దూరం నుంచి, గడ్డి కోస్తున్నట్టు వస్తోంది. తైస్తో కళ్లు మూసుకున్నాడు. అతని కాళ్లు బల్ల కింద కదిలాయి. పదిహేడేళ్లవాడు ఎడమ అంచు వెంట పోతున్నాడు, మంచు పలుకుతోంది, పక్ బిళ్ల కర్రకు అతుక్కుని ఉంది, ముందు ఎవరూ లేరు. రెండో పీరియడ్‌లో ఓటర్ నారోస్ ముందంజలో ఉంది. ఇర్మా అన్న భుజం మీద చెయ్యి వేసింది. మూడో పీరియడ్‌లో సమమైంది. ఆట ముగియబోతుండగా పోర్ట్ హాలిస్ కెప్టెన్ కోడీ నబిగన్ గోలు కొట్టాడు.

వీధిలో తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి.

తైస్తో చేతిలో కాఫీ చల్లారింది. కాసేపటికి ఫోన్ మోగింది. వాల్టర్.

"ఓడిపోయాంరా."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"రేడియోలో విన్నాను."

వాల్టర్ పెద్ద నిట్టూర్పు విడిచాడు. "విన్నావా? అయ్యో. వినొద్దని చెప్పాల్సింది నీకు. అదీ సంగతి."

ఇర్మా ఫోన్ లాక్కుంది. "వాల్టరూ, రేడియో పెట్టింది నేను. రొట్టె చేసిందీ నేనే. రాసుకో." పెట్టేసింది.

మర్నాడు ఆదివారం పొద్దున్నే ట్రక్కు వెనకాల కప్పు ఊళ్లోకి వచ్చింది. ఎండ కాసింది. అక్కడి అఖాతం మీద సన్నటి పొగమంచు మోకాళ్ల ఎత్తున పరుచుకుని ఉంది. జనం కాళ్లు లేనట్టు, తేలుతూ పోతున్నట్టు కనబడుతున్నారు. ఇర్మా అన్నను రెక్క పట్టుకుని తీసుకుపోయింది. తైస్తో దూరంగా, ఆఖరి వరసలో ఆగాడు. కప్పును మంచుబండి మీద నిలబెట్టారు. పక్కనే విట్లాక్. తెల్లటి చేతి తొడుగులు వేసుకుని, సోమవారం దీన్ని నగరానికి తీసుకుపోవాలి, గీతలు పడనీయకండి అని కనబడ్డవాళ్లందరికీ చెబుతున్నాడు. ఎవరూ వినడం లేదు.

చారు పోసేది మాడ్లిన్ నబిగన్. కోడీకి నాయనమ్మ. చేతిలో గరిటె ఉన్నంతసేపూ ఆ అఖాతానికి ఆవిడే యజమాని. కోడీ కప్పు ఎత్తాడు. కుడి పిడి ఒక చేత్తో పట్టి, ఎడమ చేత్తో గిన్నె అడుగును పొదివి, కాస్త వంకరగా తాగాడు. తర్వాతివాడు అలాగే తాగాడు. ఆ తర్వాతివాడూ అంతే. ఎవరూ ఎడమ పిడి ముట్టుకోలేదు. చిన్నపిల్లలను ఎత్తుకుని తాగిస్తున్న తండ్రులు కూడా ఆ పిడి వైపు వెళ్లబోయిన పిల్లల వేళ్లను మెల్లగా వెనక్కి తీశారు.

"ఎందుకలా పట్టుకుంటున్నారు?" అన్నాడు తైస్తో.

"చెప్పబోయినప్పుడల్లా లేచి వెళ్లిపోయావు కదా" అంది ఇర్మా. "పోయి ఆవిణ్నే అడుగు."

అతను కదలకపోతే మాడ్లినే గరిటె పట్టుకుని పొగమంచులో తేలుతూ వచ్చింది.

"ఇర్మా వాళ్ల అన్నవు నువ్వేనా?"

"అవును."

"చేతులు చూపించు."

తైస్తో జంకాడు. తర్వాత తొడుగులు విప్పాడు. ఆవిడ వంగి, కళ్లద్దాలు సర్దుకుని, ఆ రెండు అరచేతులనూ చాలాసేపు చూసింది.

"అప్పుడు నేను చిన్నపిల్లను. మీ ఊరి అఖాతం మీద ఆట చూశాను. నువ్వు పిండిసంచి గుడ్డలు చుట్టుకుని బెంచీ మీద కూర్చున్నావు. మా అన్నయ్య లూయీ మా కెప్టెన్. గెలిచాక కప్పు ఎత్తబోయి దించేశాడు. ఎడమ పిడి మీద చర్మం అంటుకుని ఉంది. నీదే. వెండి మెత్తబడి నీ వేళ్ల గీతలు అందులో దిగాయి. మిల్లువాళ్లు సాన పట్టిస్తామన్నారు. లూయీ ఒప్పుకోలేదు. ఇది ఎవడి పిడో వాడిదే, మనం రెండో పక్క పట్టుకుందాం అన్నాడు. గ్రేసన్ వాళ్లక్కూడా చెప్పి పంపాం. వాళ్లూ అంతే పట్టుకుంటారు."

"మా ఊరికి తెలియదు."

"ఎలా తెలుస్తుంది? దగ్గరికొచ్చి చూస్తేగా. చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాళ్లకు ఏం కనబడుతుంది?"

జనం దారి ఇచ్చారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కోడీ కప్పును మళ్లీ మంచుబండి మీద పెట్టి పక్కకు జరిగాడు. విట్లాక్ ఏదో అనబోతే మాడ్లిన్ గరిటె అతని ఛాతీకి అడ్డంగా వచ్చింది.

తైస్తో కప్పు ముందు నిలబడ్డాడు. పైను కొమ్మలా మలిచిన పిడి మీద నల్లటి మచ్చ, మచ్చలో నాలుగు పల్లాలు. వేళ్లు. అతను చెయ్యి చాచి ఆపేశాడు.

"నేను గెలవలేదు" అన్నాడు.

"గెలిచినవాళ్ల పిడి ఆ పక్కది" అంది మాడ్లిన్. "చారు చల్లారిపోతోంది. పట్టుకో నాయనా."

పట్టుకున్నాడు. వెండి చల్లగా ఉంది. అందుకు అతనికి ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్లూ అది ఎక్కడో కాలుతూనే ఉందనుకున్నాడు. వేళ్లు ముడుచుకోలేదు, అయినా పల్లాల్లో వాటంతటవే కుదురుకున్నాయి. కోడీ రెండో పిడి పట్టుకుని సాయం చేశాడు. చారులో సోయకూర వాసన, సరస్సు వాసన. తైస్తో కళ్లు మూసుకుని తాగాడు. కాళ్ల కింద మంచు ఎక్కడో లోతున ఒక్కసారి పలికింది, ఆ చప్పుడు అఖాతం పొడవునా పోయి, పొగమంచులో మెల్లగా అణిగిపోయింది.

సాయంత్రం తైస్తో సౌనా ఆవిరిగది నుంచి వచ్చి, ఎర్రబడ్డ మొహంతో ఇర్మా వంటింట్లో కూర్చున్నప్పుడు ఆమె అడిగింది. "రేపు బస్సుకు వెళతావా అన్నయ్యా?"

"వెళ్లను."

"ఇక్కడే ఉంటావా?"

"పంపించింది వాళ్లు. పిలవాల్సిందీ వాళ్లే."

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో అలక లేదు, బతిమాలడమూ లేదు. జీవితంలో మొదటిసారి తనకు రావలసినదాన్ని అడిగినవాడి గొంతు అది. ఆ పూట కప్పు ఇర్మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంది. సోమవారం తెల్లారితే విట్లాక్ దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు.

కాబట్టి వాల్టర్ పెల్తో, విను. నీ టికెట్టు నువ్వే కొనుక్కో. బస్సెక్కు. కమిటీలో అందరూ అనుకున్నారని అన్నావుగా, ఆ అందరినీ వెంటబెట్టుకుని పో. ఇర్మా గుమ్మంలో నిలబడి, పొయ్యి గొట్టం పగిలిందని మా నాన్నకు తెలుసు, దాన్ని దాచడానికి నీ మీద నింద వేశాం అని తైస్తో మొహం మీద చెప్పు. అతను రమ్మంటే లోపలికి వెళ్లు, పొమ్మంటే మంచులో నిలబడు. తర్వాత అతన్ని ఊరికి తీసుకొచ్చి, రింకు మైకులో, పిల్లలందరూ వినేట్టు అదే మాట మళ్లీ చెప్పు. విట్లాక్, నువ్వు ఆ గాజుపెట్టె పని ఆపు. ముందు చెక్కేవాణ్ని పిలిపించు. గెలిచిన ఊళ్ల పేర్ల కింద కాదు, విడిగా, ఎడమ పిడి కింద తైస్తో సల్మెలా పేరు చెక్కించు. ఆ మచ్చకు ఎవడైనా సాన పట్టబోతే వాడి చెయ్యి పట్టుకో. ఇది దయ కాదు, బాకీ. ఇవాళే తీర్చండి.